బిళ్ళ మీది ఊపిరి

పెద్ద వరద వచ్చిపోయిన నాలుగో ఏడు అది. ఏ సంగతి చెప్పుకోవాలన్నా మేం వరదకు ముందా, తర్వాతా అనే చెప్పుకుంటాం. మా షెడ్డు గోడ మీద నా భుజమెత్తున ఒక మట్టి చార ఇప్పటికీ ఉంది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతుంది.

మా పని రాతి పలకలకు నునుపు పట్టడం. కోతకు పోయి వచ్చిన రాయి గరుకుగా ఉంటుంది. దాన్ని తిరిగే చక్రం కింద పెట్టి, మొహం కనిపించేదాకా అరగదీసి పంపాలి. సందుకు అటూ ఇటూ ఒకే ఓనరువి ఎనిమిది షెడ్లు. చక్రం తిరుగుతున్నంతసేపూ రాతిపొడి లేస్తూనే ఉంటుంది. సాయంత్రానికి పిండిమరలోంచి బయటికొచ్చినట్టు అందరం ఒక్క తీరుగా తేలతాం. ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పితే, గుడ్డ ఉన్నంత మేరే మనిషి కనిపిస్తాడు. ఒంటి మీది పొడి దులిపితే పోతుంది. లోపలికి పోయింది దులిపేది కాదు.

నా తమ్ముడు ఎదురు షెడ్డులో పనిచేసేవాడు. వాడికి దగ్గు వరదకు ముందునుంచే ఉంది. నేను వాడింట్లోనే ఉండేవాణ్ణి. నా భార్య పోయాక మరదలే వచ్చి నా పెట్టె తీసుకుపోయింది. వెళ్ళక తప్పలేదు.

ఆ ఏడు మా దుమ్ము జబ్బు సంగతి చూడటానికి ఏదో ఆఫీసు పంపిన ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. ఒకాయన బక్కపలచగా, కళ్ళజోడుతో, ఎప్పుడూ నేలనే చూస్తూ మాట్లాడేవాడు. ఆయన పని లెక్కలు. లెక్కలాయన అన్నాం. రెండో ఆవిడ చేతిలో ఒక గొట్టం. దాంట్లోకి గట్టిగా ఊదితే పక్కనున్న ముల్లు ఊపిరి కొద్దీ జరుగుతుంది. మా బావ, అంటే మా అక్క మొగుడు, ఆవిడకు ఊదుడమ్మ అని పేరు పెట్టాడు. మా బావ పేరు పెడితే ఇక దానికి తిరుగులేదు. నాకు ముంగి అని పెట్టిందీ ఆయనే.

లెక్కలాయన అందర్నీ సందులో నిలబెట్టి చెప్పాడు. చక్రం మీద సన్నగా నీళ్ళు పడితే పొడి లేవదట. నాలుగు షెడ్లకు నీళ్ళ పైపు వేస్తారట, నాలుగింటికి వెయ్యరట. మూణ్ణెల్లకోసారి అందరూ గొట్టంలో ఊదాలి. నాలుగుసార్లు ఊదడం అయ్యాక నీళ్ళున్న షెడ్లలో ఊపిరి నిలబడిందని తేలితే, మిగతా నాలుగింటికీ ఓనరు పైపులు వేయిస్తాడు. ఆ మాట వీళ్ళ పై ఆఫీసుకు ఇచ్చాడు. తేలకపోతే వేసినవి కూడా పీకించుకోవచ్చు.

"మాలో సగంమందికి వేసి చూడొచ్చుగా సార్, షెడ్లకి షెడ్లే ఎందుకు?" అన్నాడు బావ.

"మీ మిషను మీద నీళ్ళు పడితే పక్కవాడి దుమ్ము మీ ముక్కులోకి రాకుండా ఉంటుందా?"

"దానికేం, పక్కవాణ్ణి గాలి పీల్చొద్దంటాం."

అందరూ నవ్వారు. లెక్కలాయన కూడా నవ్వి, ఏ షెడ్లన్నది చీటీ తేలుస్తుందని, చీటీ మీలోనే ఒకరు తియ్యాలని రేకు డబ్బా ముందుకు చాపాడు. ఎవరూ కదల్లేదు. బావ వెళ్ళి చెయ్యి పెట్టాడు. ఆయన తీసిన మొదటి చీటీయే మా షెడ్డుది.

అప్పుడు మావాళ్ళు బావను తిట్టారు. కరెంటుతో తిరిగే చక్రం మీద నీళ్ళేమిటి, చంపడానికి కాకపోతే అని. వరద నీళ్ళు ఇంకా పూర్తిగా దిగకముందే మిషను ఆన్ చేసి ఒకడు పోయిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. చీటీ రాని ఎదురు షెడ్డువాళ్ళు మమ్మల్ని చూసి జాలిపడ్డారు.

నాకు మాత్రం నీళ్ళ మీద కాదు అనుమానం. మొహానికి కట్టుకునే గుడ్డ కూడా మమ్మల్నే తెచ్చుకోమనే ఓనరు, మా ఊపిరి కొలవడానికి ఎందుకు ఒప్పుకున్నాడు? ఎవడి ఊపిరి అడుగంటిందో తెలిస్తే, వాడు మంచాన పడి ఏదైనా అడిగేలోపే బయటికి పంపొచ్చు. అంతకంటే నాకు ఇంకో కారణం తట్టలేదు. ఆ మాట బావతో అన్నాను. నేను నోరు తెరిచి ఒక మాటంటే ఆయన దాన్ని పది చేసి అందరికీ పంచుతాడు.

"పేర్లు చెప్పకండి. బిళ్ళ చూపించండి," అన్నాడు బావ. అంతే, షెడ్డు షెడ్డంతా ఒక్క మాట మీద నిలబడింది.

బిళ్ళ సంగతి చెప్పాలి. మా దగ్గర ప్రతి మిషను పక్కనా గోడకు ఒక మేకు, మేకుకు తాడుతో ఒక ఇత్తడి బిళ్ళ, దాని మీద మిషను నంబరు. పొద్దున ఆ మిషను మీద నిలబడేవాడు బిళ్ళ మెడలో వేసుకుంటాడు. స్టోరులో చక్రం ఇచ్చేదీ, పలకలు లెక్క కట్టేదీ ఆ నంబరు మీదే. మిగతా షెడ్లలో ఎవడి మిషను వాడిదే, ఏళ్ళ తరబడి. కాబట్టి అక్కడ బిళ్ళ అన్నా మనిషన్నా ఒకటే. మా షెడ్డులో అలా కాదు. మాకు పన్నెండు మిషన్లు. పన్నెండోది మూలలో ఉంది. గాలి తిరిగి తిరిగి పొడినంతా తెచ్చి అక్కడే పోస్తుంది. ఆ మూలలో ఒకే మనిషి చాలా ఏళ్ళు నిలబడి, చివరికి దగ్గలేక పోయాడు. అతని తర్వాత ఆ మూల ఏ ఒక్కడికీ సొంతం కాకూడదని అనుకున్నాం. నెల మారగానే అందరం ఒక్కో మిషను ముందుకు జరుగుతాం. ఒకటిలో ఉన్నవాడు రెండుకి, పదకొండులో ఉన్నవాడు మూలకి, మూలలో ఉన్నవాడు మళ్ళీ ఒకటికి. బిళ్ళలు మాత్రం మేకులు మారవు.

ఊదుడమ్మ మొదటిసారి వచ్చి పేరడిగితే, బావ మెడలో బిళ్ళ ముందుకు లాగి చూపించాడు. "పేర్లకి గిరాకీ లేదమ్మా ఇక్కడ. స్టోరు వాళ్ళూ నంబరే రాసుకుంటారు." ఆవిడా తల ఊపి నంబరు రాసుకుంది. ఆవిడకూ అదే సుఖంగా ఉన్నట్టుంది. ఎనిమిది షెడ్లు, అందరూ తెల్లటి మొహాలే.

పైపులు వేశారు. ఎవరూ చావలేదు. పొడి బదులు బురద వచ్చింది. తెల్లగా ఉండేవాళ్ళం బూడిదరంగుకు తిరిగాం. కానీ చక్రం తిరుగుతుంటే ఆ మూల నుంచి ఈ మూల కనిపించడం మొదలైంది. అన్నేళ్ళలో నేను షెడ్డు అవతలి గోడ పనివేళ చూడటం అదే మొదలు. మూలలోకీ మిగతాచోట్లకీ ఇక తేడా లేదు. అయినా నెల మారితే జరగడం మానలేదు. అలవాటైపోయింది, మానమని ఎవరూ అనలేదు.

ఊదుడమ్మ మూణ్ణెల్లకోసారి వచ్చేది, ఊదించేది, పోయేది. పోతూ పోతూ ఆఫీసు గదిలో ఓనరు గుమస్తాతో టీ తాగేది. అది నేను రెండుసార్లు చూశాను. చూసి ఊరుకున్నాను.

ఏడాది దగ్గరపడేసరికి సందులో మాట తిరగబడింది. మొదట జాలిపడ్డవాళ్ళే ఇప్పుడు మా షెడ్డు గుమ్మం ముందు ఉమ్మేసి పోయేవాళ్ళు. చీటీ తీసింది మీవాడేగా, మొదటి చీటీయే మీదెలా అయింది అని. డబ్బాలో అన్ని చీటీలు మా షెడ్డువేనని ఒకడు, చీటీ ముందే బావ గోళ్ళ మధ్య ఉందని ఇంకొకడు. మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది. "నేనేమీ అనడం లేదు బావగారూ," అనేది మరదలు, అంతా అన్న తర్వాత.

నాలుగోసారి ఊదడం కూడా అయిపోయింది. నెల మారింది, జరిగాం. నేను పదకొండో మిషను మీదికి వచ్చాను. ఒకరోజు మధ్యాహ్నం మిషన్లు ఆపిన వేళ లెక్కలాయన ఒక్కడే వచ్చాడు. ఊదుడమ్మ లేకుండా ఆయన రావడం అంతకుముందు లేదు. అటూ ఇటూ చూసి, ఒంటరిగా కూర్చున్న నా దగ్గరికొచ్చి పలక మీద కూర్చున్నాడు. ప్యాంటుకు బురద అంటుతుందని చెప్పబోయి ఊరుకున్నాను.

"పెద్దాయనా, ఒకటి అడుగుతాను. ఆవిడ ఇక్కడికి వచ్చేదా?"

"ఎవరు?"

"ఊదించే ఆవిడ."

"వచ్చేది."

"ప్రతిసారీ?"

"మీరు పంపలేదా?"

"నేను పంపాను. వచ్చిందా అని అడుగుతున్నాను."

నేను ఆయన మొహం చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. వీళ్ళలో వీళ్ళకే పడలేదన్నమాట అనుకున్నాను. మొదట కొంచెం సంతోషమే వేసింది. దొంగలు దొంగలు ఊళ్ళు పంచుకునేటప్పుడు తగువొస్తేనే కదా నిజం బయటపడేది.

"వచ్చింది. ఊదించింది."

ఆయన నమ్మినట్టు లేదు. కాసేపు పలక మీద వేలితో గీతలు గీసి, నాకు చెబుతున్నట్టుగా కాక తనకు తానే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు.

"ఒక ఇంట్లో పదిమంది వచ్చి ఒకే సాక్ష్యం చెప్పారనుకోండి. అది పది సాక్ష్యాలా?"

"ఒకటే."

"మరి. ఒక షెడ్డులో అందరూ ఒకే గాలి పీలుస్తారు. వాళ్ళ ఊపిరులు అన్నదమ్ముల్లా ఉంటాయి. అందుకే వందమంది ఊదారని వంద అనుకోకూడదు. నాకున్నది ఎనిమిది షెడ్లు, ఎనిమిది సాక్ష్యాలు. నాలుగు ఇటు, నాలుగు అటు. ఇక ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ ఊదుతాడు. ఆ ఊపిరి ఇంకా దగ్గర చుట్టం. ఎవడి ఊపిరి వాడి ఊపిరినే పోలి ఉండాలి. ఏడాదిలో ఒక మెట్టు ఎక్కుతాడు, ఒక మెట్టు దిగుతాడు. గోడలు దూకడు. ఈ పోలికలన్నీ లెక్కలోకి తీసుకుని, అప్పుడు నీళ్ళు చేసిందెంత అని చూడాలి."

"చూడండి."

"చూశాను. ఏడు షెడ్లలో మనుషులు మనుషుల్లానే ఉన్నారు. మీ షెడ్డులో ఏ మనిషికీ తన పోలిక తనకే లేదు. నాలుగో నంబరు మనిషే ఉన్నాడు. మొదటిసారి ఎద్దులా ఊదాడు. రెండోసారి మంచం పట్టినవాడిలా ఊదాడు. మూడోసారి మళ్ళీ ఎద్దు. గొట్టంతో ఊదితే ఇలా రాదు పెద్దాయనా. ఎవరో ఇంట్లో కూర్చుని కలంతో ఊదితే వస్తుంది."

నేను తల తిప్పాను. నాలుగో మిషను దగ్గర మా బావ బీడీ వెలిగించుకుంటున్నాడు. ఆయన మెడలో నాలుగో నంబరు బిళ్ళ. మూణ్ణెల్ల కిందట అది ఎవరి మెడలో ఉందో, మొదటిసారి ఎవరి మెడలో ఉందో తలుచుకున్నాను. రెండోసారి ఊదినప్పుడు అది నా మెడలో ఉంది. ఆ మంచం పట్టినవాణ్ణి నేనే.

"మా షెడ్డు లెక్క తీసేస్తే?" అన్నాను.

"తీసేస్తే ఇటు మూడే మిగులుతాయి. ఎనిమిదే తక్కువని పైవాళ్ళు మొదట్నుంచీ మొత్తుకుంటున్నారు. మూడు షెడ్ల సాక్ష్యం మీద ఎవరూ తీర్పు చెప్పరు. మీ ఓనరు అసలే దానికోసం కాచుకుని ఉన్నాడు. పైపులు రావు."

"ఎదురు షెడ్డుకి?"

"దేనికీ రావు." లేచి ప్యాంటు దులుపుకుని బురద మరకను ఇంకా పెద్దది చేసుకున్నాడు. "ఆ నాలుగో నంబరాయన్ని ఒకసారి చూపిస్తారా?"

బావ చెవులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. బీడీ ఆర్పి తనే దగ్గరికొచ్చాడు.

"నాలుగంటే నేనే సార్."

"మధ్యలో మీకేమైనా జబ్బు చేసిందా?"

"చేసింది సార్. జలుబు."

"జలుబుకి ఊపిరి సగానికి పడిపోదు."

"మాది పేదవాళ్ళ జలుబు సార్. దొరికినంతా పట్టుకుపోతుంది."

లెక్కలాయన ఆయన్ని తేరిపార చూశాడు. అంతవరకూ ఆవిడ మీదే ఉన్న అనుమానం ఇప్పుడు మా అందరి మీదికీ పాకిందని ఆ చూపే చెప్పింది. రేపు మధ్యాహ్నం పై ఆఫీసుకు రాసి పంపాలని, ఎవరికైనా ఏదైనా చెప్పాలనిపిస్తే పొద్దున ఆఫీసు పక్క గదిలో ఉంటానని చెప్పి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బావ నాతో పాటు నడిచాడు. ఆయన ఇల్లు అటు కాదు.

"ఏమన్నాడు నీతో?"

చెప్పాను. బావ ఒక చోట ఆగాడు, మళ్ళీ నడిచాడు.

"అయితే మన బిళ్ళల వల్లే."

"ఊఁ."

"నోరు విప్పకు. ఇన్నేళ్ళూ విప్పనివాడివి ఇవాళ కొత్తగా ఎందుకు. పేర్లు బయటపెడితే మొదట పోయేది నువ్వే. రెండోది నేను. ఊదుడమ్మ గుమస్తాతో టీ తాగడం నువ్వే కదా చెప్పావు."

"చెప్పాను."

"ఆవిడ ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటుంది. మనం ఈ వయసులో ఏం వెతుక్కుంటాం? మన షెడ్డుకి నీళ్ళొచ్చాయి, చాలు. పీకుతానంటే అప్పుడు చూద్దాం."

"తమ్ముడికి?"

బావ జేబులో చెయ్యి పెట్టి బీడీ కోసం తడుముకున్నాడు, దొరికినా తీయలేదు. మలుపు దగ్గర, "ఆ చీటీ నేను చూసి తియ్యలేదురా. డబ్బాలో చెయ్యి పెట్టాను, తగిలింది తీశాను. నువ్వన్నా నమ్ముతావా?" అన్నాడు.

నమ్ముతానో లేదో నాకే తెలియదు. ఊఁ అన్నాను.

ఇంట్లో తమ్ముడు గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. కొన్నాళ్ళుగా వాడు పడుకోవడం మానేశాడు. పడుకుంటే లోపల రాళ్ళు జారి మీద పడ్డట్టుంటుందనేవాడు. నన్ను చూసి కాళ్ళు ముడిచి చోటిచ్చాడు.

"ఈసారి ముల్లు కదల్లేదన్నయ్యా. ఊదుడమ్మ ఇంకోసారి ఊదు బాబూ అంది. ఇంకోటి ఉంటే మొదటిసారే ఊదేవాణ్ణి కదా."

నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆ దగ్గు ఆగేదాకా మరదలు వాడి వీపు మీద చెయ్యి వేసి, కళ్ళు మాత్రం నా మీద పెట్టి నిలబడింది. తర్వాత కంచాలు పెట్టింది. ముగ్గురం కూర్చున్నాం.

"పైపులు ఎప్పుడేస్తారట?" అంది.

నేను అన్నం కలుపుతున్నాను.

"మిమ్మల్నే బావగారూ. లెక్కలాయన మీ షెడ్డుకొచ్చి మీ పక్కనే కూర్చున్నాడటగా. సందంతా చూసింది. నాకు మాత్రం ఇంకొకళ్ళు వచ్చి చెప్పాలి."

"రాకపోవచ్చు."

"ఏవి?"

"పైపులు."

తమ్ముడి చెయ్యి కంచంలో ఆగింది. మరదలు గరిటె గిన్నెలోకి దించి, కొంగుకు చెయ్యి తుడుచుకుంది. ఆవిడ కోపంగా ఉన్నప్పుడు చాలా నెమ్మదిగా మాట్లాడుతుంది.

"ఎందుకు రావు?"

"మా షెడ్డు లెక్క కుదరలేదట."

"ఎవరు చెడగొట్టారు?"

నేను మంచినీళ్ళ చెంబు అందుకున్నాను.

"చీటీ తీసిందీ మీరే, లెక్క చెడగొట్టిందీ మీరే. బాగుంది. మీరు నీళ్ళలో ఆడుకోండి, మా ఆయన ఇక్కడ పొడి మింగుతుంటాడు."

"ఊరుకోవే," అన్నాడు తమ్ముడు.

"ఊరుకున్నాను కాబట్టే ఇక్కడిదాకా వచ్చింది. ఈయనకు తెలుసు. చూడు మొహం. తెలిసే కూర్చున్నాడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని భయం." గిన్నె తీసుకుని లేచింది. గడప దగ్గర తిరిగి, "నాకు చెప్పకండి బావగారూ, నేనెవర్ని. అక్కడ చెప్పాల్సింది ఉంటే అక్కడ చెప్పండి. ఆయన మీ తమ్ముడు," అంది.

తమ్ముడు కంచం పక్కకు జరిపి, "నీకేమైనా అవుతుందా అన్నయ్యా, చెబితే?" అని అడిగాడు.

"ఏమో."

"అయితే వద్దులే," అన్నాడు వాడు. అని గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

వాడు వద్దనకపోతే నేను ఇంకా ఆలోచిస్తూ ఉండేవాణ్ణేమో.

తెల్లవారి లేచి, షెడ్డులోకి వెళ్ళేముందు పంపు దగ్గర ఆగాను. మామూలుగా మేం పని అయ్యాక కడుక్కుంటాం. ఆ పొద్దున పనికి ముందే మొహం కడిగాను. చెవుల వెనక, మెడ కింద, కనుబొమల్లో ఇంకిపోయిన బూడిదరంగు పోయేదాకా రుద్దాను. తర్వాత షెడ్డులోకి వెళ్ళి పదకొండో నంబరు బిళ్ళ మేకు నుంచి తీశాను. మెడలో వేసుకోకుండా చేత్తో పట్టుకున్నాను. బావ నాలుగో మిషను దగ్గర నుంచి చూశాడు.

ఆఫీసు పక్క గదిలో లెక్కలాయన బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. ఊదుడమ్మ గోడవారగా నిలబడి ఉంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గదికీ ఆఫీసుకీ మధ్య ఒక పలచటి చెక్క అడ్డు, కింద జానెడు ఖాళీ. ఆ ఖాళీలోంచి గుమస్తా చెప్పులు కనిపిస్తున్నాయి. నేను లోపలికి రాగానే అవి కదలకుండా ఆగాయి.

బిళ్ళ బల్ల మీద పెట్టాను.

"పదకొండు," అంది ఊదుడమ్మ అలవాటుగా.

"అది మిషనుదమ్మా. నెల నెలా మేం జరుగుతాం. బిళ్ళ జరగదు."

లెక్కలాయన మొదటిసారి నేల మీంచి కళ్ళెత్తి నన్ను చూశాడు. నేను ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. ఆయన చెయ్యి అప్పటికే కాగితాల మీద ఉంది.

"మీరు ఊదినప్పుడల్లా ఏ మిషను మీద ఉన్నారో గుర్తుందా?"

"ఒకటి. నాలుగు. ఏడు. పది."

నంబరుకో కాగితం చొప్పున తీసి పక్కపక్కన పేర్చాడు. ఊదుడమ్మ గోడ దగ్గర నుంచి వచ్చి ఆయన భుజం మీదుగా వంగి చూసింది. ఆయన ఒక్కో అంకె మీద వేలు పెట్టుకుంటూ పోయాడు. నాకు ఆ అంకెలు తలకిందులుగా కనిపించాయి. అయినా ఒకటి తెలిసింది. అవి దగ్గర దగ్గరగా ఉన్నాయి.

"తక్కువ. కానీ నాలుగూ ఒక్కలానే ఉన్నాయి. పొడి షెడ్లలో మీ వయసువాళ్ళవి దిగుతూ పోయాయి. మీది దిగలేదు," అన్నాడు. తర్వాత లేచి తన కుర్చీ ఊదుడమ్మ వైపు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

"మిగతావాళ్ళవి కూడా ఇలాగే దొరుకుతాయా?"

"వాళ్ళవి వాళ్ళు చెప్పాలి."

"మీ ఓనరుకు మేం పేర్లు ఇవ్వం పెద్దాయనా. షెడ్డు మొత్తానికి ఒక్క అంకె చెబుతాం, అంతే."

నేను చెక్క అడ్డు కింద ఉన్న చెప్పులను చూశాను. ఆయన కూడా అటే చూసి, గొంతు తగ్గించి, "కావాలంటే బయట మాట్లాడుకుందాం," అన్నాడు. బయట అయితే సందంతా వింటుంది. వీళ్ళ మాట మీద నాకప్పుడూ నమ్మకం లేదు, తర్వాతా పూర్తిగా కుదరలేదు.

"రాయమ్మా," అన్నాను.

ఊదుడమ్మ కలం తీసింది. నన్ను పేరు పెట్టి షెడ్డులో ఎవరూ పిలవరు. బావ ముంగి అంటాడు, పిల్లలు తాత అంటారు, స్టోరు వాళ్ళు నంబరంటారు. మా నాన్న పెట్టిన పేరు ఇంటిపేరుతో సహా చెప్పాను. చాలాకాలంగా వాడని తాళంలా గొంతులో కాస్త పట్టేసింది. రెండోసారి గట్టిగా చెప్పాను.

ఆవిడ రాసుకుని, గొట్టం తుడిచి నా చేతికిచ్చింది. అడగకుండానే ఇచ్చింది. లెక్కలాయన చూస్తుండగా ఊదాను. ముల్లు కొంచెం జరిగి ఆగింది.

బయటికి వచ్చేసరికి పంపు దగ్గర బావ ఉన్నాడు. వంగి మొహం కడుక్కుంటున్నాడు. ఆయన వెనక ఇంకెవరో నిలబడి ఉన్నారు. నేను ఆగి చూడలేదు. షెడ్డులోకి వెళ్ళి, పదకొండో నంబరు బిళ్ళను దాని మేకుకే తగిలించి, నీళ్ళు వదిలి, చక్రం తిప్పాను.